సన్నపాదం పాపకు నల్ల బూట్లు: ఒక సైజు పెద్దవి కొనాలా, సరిగ్గా కొలతకే కొనాలా?

విజయనగరం_అమ్మ అడిగారు:

మా పాపకు ఎనిమిదేళ్లు. పాదం పొడవు 20 సెంటీమీటర్లు, వెడల్పు మాత్రం బెండకాయంత. మే నెలాఖరున మా తమ్ముడి పెళ్లి, జూన్ 12న బడి. రెండింటికీ పనికొచ్చే నల్లని తోలు బూట్లు ఒకే జత కొందామని నిన్న దుకాణానికి వెళ్లాం. పొడవు సరిపోయిన జత తొడిగితే అడుగు వేసినప్పుడల్లా మడమ పైకి లేచిపోతోంది. ఒక సైజు తగ్గిస్తే మడమ నిలిచింది కానీ బొటనవేలు ముందు తగులుతోంది. కొట్లో అబ్బాయి "ఎదిగే పిల్ల కదమ్మా, ఇంకా పెద్దవే తీసుకోండి, ముందు దూది కుక్కితే సరి" అన్నాడు. మా అత్తగారిదీ అదే మాట. మా వారేమో బిగుతువే కొను, తోలు సాగుతుంది అంటారు. ఉత్త చేతులతో ఇంటికి వచ్చాం. మీరైతే ఏం చేస్తారు?

పొదుపుమనిషి:

నా ఓటు మీ అత్తగారికే. మేము నలుగురం పిల్లలం. అన్నయ్య విప్పిన బూట్లు నాకు, నేను విప్పినవి తమ్ముడికి. ముందు కాగితం ఉండలు కుక్కుకుని పదో తరగతి దాకా నడిచాం, ఎవరి కాళ్లూ వంకర పోలేదు. ఈ వయసులో పాదం ఏడాదికి దాదాపు ఒక సైజు పెరుగుతుంది. అచ్చంగా కొలతకే కొంటే సంక్రాంతికి మళ్లీ కొట్టు మెట్లు ఎక్కాలి. బూట్ల కోసం జీతం తాకట్టు పెట్టలేం కదండీ.

కొలబద్ద:

పొదుపుమనిషి గారూ, మీ నలుగురి పాదాలూ సన్నవేనా? అసలు చిక్కు అక్కడుంది. బ్రిటిష్ అంకెల్లో ఒక సైజుకూ తర్వాతి సైజుకూ తేడా అంగుళంలో మూడో వంతు, అంటే సుమారు 8.5 మిల్లీమీటర్లు. అయితే పెరిగేది పొడవొక్కటే కాదు. బూటు మధ్యభాగం, మడమ దగ్గరి గిన్నె కూడా వెడల్పవుతాయి. ఇప్పటికే మడమ నిలవని పిల్లకు ఇంకా వదులు బూటు తొడిగితే పాదం ప్రతి అడుగుకూ ముందుకు జారుతుంది. వేళ్ల ముందు ఉంటుందనుకున్న ఖాళీ మడమ వెనక్కి చేరుతుంది. పెద్ద బూట్లు వేసుకున్న పిల్లలకూ గోళ్లు నొక్కుకుని నల్లబడేది అందుకే. ఇక ముందు దూది కుక్కితే పెరగడానికి వదిలిన చోటే మూసేసినట్లు.

విజయనగరం_అమ్మ గారూ, మీ వారి మాట మరీ ప్రమాదం. తోలు కొద్దోగొప్పో సాగేది పక్కలకు, పొడవుకు కాదు. మీ పాపకు పక్కలకు సాగాల్సిన అవసరమే లేదు!

డాలస్_బాబాయి:

ఇక్కడ అమెరికాలో కొన్ని దుకాణాల్లో పాదం కొలవడానికి బ్రానాక్ అనే లోహపు పలక ఉంటుంది. 1920ల్లో సిరక్యూస్ నగరంలో చార్లెస్ బ్రానాక్ తయారుచేశాడు. పొడవు, వెడల్పుతో పాటు మడమ నుంచి బొటనవేలి మొదటి కీలు దాకా ఎంతుందో కూడా చెబుతుంది. బూటు వంగేది ఆ కీలు దగ్గరే కాబట్టి అదీ ముఖ్యమే. పిల్లల బూట్లలో సన్నం, మామూలు, వెడల్పు అని రకాలూ దొరుకుతాయి. మా మనవరాలికి సన్నరకమే తీసుకుంటాం. మీరూ ఎవరితోనైనా తెప్పించుకోవచ్చు కదా.

ఆరో_తరగతి_మాస్టారు:

బాబాయి గారూ, పచ్చళ్లు అటు, బూట్లు ఇటు, బాగానే ఉంది. రేపు ఆ జత పట్టకపోతే మార్చుకోవడానికి డాలస్ రావాలా? మా ఊరి కొట్లలో ప్రతి సైజుకూ ఒకటే వెడల్పు. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశమంతటా లక్షమందికి పైగా పాదాలు కొలిచింది. మనవాళ్ల పాదాలు సగటున పాశ్చాత్యులకంటే వెడల్పని తేలింది. దాన్నిబట్టి 'భా' అనే కొత్త సైజుల పద్ధతిని ప్రతిపాదించారు. నాలాంటి చదును పాదాలవాడికి పండగే. సన్నపాదాల పిల్లల గతి మాత్రం ఇంకాస్త వదులు.

గోదారి_కొట్టు:

28 ఏళ్లుగా చెప్పుల వ్యాపారం. ముందు మా లోగుట్టు ఒకటి చెబుతాను, తోటి కొట్లవాళ్లు తిట్టుకున్నా సరే. బిగుతు బూటు రెండో రోజే వెనక్కి వస్తుంది, వదులు బూటు రాదు. అందుకే మాకు పెద్ద సైజు మీద అంత ప్రేమ.

అమ్మా, సాయంత్రం వెళ్లండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. బడికి వేసే సాక్సులే తొడగండి. రెండు పాదాలూ కొలిచి, పెద్దదాని పొడవుకే కొనండి. లోపలి అట్ట బయటికి తీసి దానిమీద పాపను నిలబెట్టండి. వేళ్ల ముందు మీ చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ కావాలి. ఆ ఖాళీ చాలు, ఏడాది కాకపోయినా చాలా నెలలు వస్తుంది. పక్కలకు ఎంత అట్ట మిగిలిందో చూడండి, ఆ జత ఎంత వదులో అదే చెబుతుంది.

పట్టీ లేని పంపు బూట్లు సన్నపాదానికి అసలు వద్దు. లేసులున్నవి, లేదంటే పాదంమీద బకిల్ పట్టీ ఉన్నవి చూడండి. బకిల్ ఆఖరి రంధ్రం దాకా బిగించినా వదులైతే, చెప్పులు కుట్టే ఆయన దగ్గర ఇంకో రంధ్రం కొట్టించండి, రెండు నిమిషాల పని. దూది పెట్టాలనే ఉంటే వేళ్ల దగ్గర కాదు, లేసుల కింద ఉండే నాలుకకు లోపలివైపు స్పాంజి ముక్క అతికించండి. పాదాన్ని వెనక్కి, మడమ గిన్నెలోకి నెట్టేది అదే. లోపల సన్నటి అట్ట అదనంగా వేసినా బూటు కాస్త నిండుతుంది.

పొదుపుమనిషి:

స్పాంజి సంగతి ఒప్పుకున్నాను, చోటు తప్పు పెట్టాం. ధర సంగతికి మాత్రం ఎవరూ జవాబివ్వలేదు. ఇంతకీ పెళ్లికి బూట్లెందుకండీ, మండపం దగ్గర విప్పేయడానికా?

కొలబద్ద:

ధర నిజమే. అయితే మడమ జారి బొబ్బలు వచ్చి, పాప వేసుకోనని మొండికేసి, మూలన పడే జత ఏ లెక్కన చవక? బడివాళ్లు ఒప్పుకుంటే కాన్వాసు బూట్లు కొనండి. లేసులు బిగిస్తే మెత్తని గుడ్డ సన్నపాదాన్ని పట్టుకుంటుంది, మన ఎండలకూ హాయి. అన్నట్టు, అన్న బూటు తమ్ముడికి అన్నారు కదా, లోపలి అట్ట అన్న పాదం అచ్చునే మోస్తుంది. నేనైతే అది మార్చకుండా ఇవ్వను.

విజయనగరం_అమ్మ:

అందరికీ చెప్పాలి కదా. బడివాళ్లు కాన్వాసు కుదరదన్నారు, నల్ల తోలే. నిన్న సాయంత్రం మళ్లీ వెళ్లి, పొడవుకు సరిపోయిన సైజులోనే బకిల్ పట్టీ ఉన్న జత కొన్నాం. ఆఖరి రంధ్రం కూడా వదులే అయింది. బయట చెట్టు కింద కూర్చునే ఆయన ఇంకో రంధ్రం కొట్టి, డబ్బులు వద్దన్నారు. బలవంతంగా పది రూపాయలు ఇచ్చాను. మడమ ఇప్పుడు లేవడం లేదు, మెట్లు ఎక్కించి, దింపించి చూశాను. మా వారు ఏమీ అనలేదు. అత్తగారు మాత్రం దూది ఉండ ఒకటి చేసి బూటు పెట్టెలో పెట్టారు, ఎందుకైనా మంచిదని.