రుద్రమ కాలంలోనే హంగేరీని నడిపిన ఎలిజబెత్ రాణి గురించి ఎవరికైనా తెలుసా?

హన్మకొండ పోరడు:
అన్నలూ అక్కలూ, ఒక డౌట్. మా చెల్లె గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతోంది. రుద్రమదేవి నోట్స్ రాసుకుంటూ, అదే టైంలో వేరే దేశాల్లో ఏ రాణులున్నారని వెతికితే హంగేరీ రాజు ఐదో స్టీఫెన్ భార్య ఎలిజబెత్ తగిలింది. కుమన్ల ఆడపిల్లట, భర్త 1272లో పోతే పదేళ్ల కొడుకు పేరు మీద రాజ్యం నడిపిందట. ఒక వీడియోలో ఏకంగా 'హంగేరీ రుద్రమ' అన్నారు. నిజంగా అంత అధికారం ఉండేదా, పేరుకేనా?

పాత పుస్తకాల పురుగు:
రుద్రమ అనడం ఓవర్ తమ్మీ. ముందు ఆమె ఆ ఇంటికి ఎట్లా వచ్చిందో చూడు. కుమన్లు గుర్రాల మీద బతికే సంచార జాతి, మంగోలులు తరిమితే హంగేరీలో తలదాచుకున్నారు. 1241లో మంగోలు దండు ముంచుకొస్తుంటే వీళ్లు వాళ్ల మనుషులేమోనన్న అనుమానంతో పెస్ట్ పట్నంలో (ఇప్పటి బుడాపెస్ట్‌లో భాగం) కుమన్ల నాయకుడు కోటెన్‌ను చంపేశారు, దాంతో మిగతావాళ్లు దారి పొడవునా ఊళ్లు దోచుకుంటూ దక్షిణానికి వెళ్లిపోయారు. కొద్దిరోజులకే మోహి దగ్గర మంగోలుల చేతిలో హంగేరీ సైన్యం తుడిచిపెట్టుకుపోయింది. మంగోలులు మళ్లీ వస్తే ఎట్లా అని రాజు నాలుగో బేలాకు టెన్షన్. అందుకే ఆ కుమన్లనే వెనక్కి పిలిచి, వాళ్ల పిల్ల ఈ ఎలిజబెత్‌కు బాప్తిస్మం ఇప్పించి కొడుకు స్టీఫెన్‌కి చేసుకున్నాడు. ఆ పెళ్లిలో పదిమంది కుమన్ పెద్దలు కుక్కను కత్తితో రెండు ముక్కలు చేసి, దాని మీద ఒట్టేసి హంగేరీని కాపాడతామన్నారని అప్పటి క్రైస్తవ సన్యాసుల రాతల్లో ఉంది!

ఖిలా వరంగల్ అక్క:
పోలిక కావాలంటే రుద్రమ కాదు, నారమ్మ, పేరమ్మలను చూడండి. గణపతిదేవుడు దివిసీమ గెలిచాక జాయప సేనాని అక్కచెల్లెళ్లను చేసుకున్నాడు, జాయపను గజసాహిణిని, అంటే ఏనుగుల దండు అధిపతిని చేశాడు. అవసరమైనోళ్లను పెళ్లితో చుట్టాలుగా మార్చుకోవడం అక్కడా ఇక్కడా ఒకటే. రుద్రమను మాత్రం తండ్రే వారసురాలిగా కూర్చోబెట్టాడు, రుద్రదేవ మహారాజు అని శాసనాలు వేయించుకుంది. ఎలిజబెత్ బాలరాజు తల్లి మాత్రమే. భర్త చనిపోకముందే జోకిమ్ అనే దొర పిల్లాణ్ణి ఎత్తుకుపోయాడు, 1274లోనైతే తల్లీకొడుకులిద్దరినీ దొరలు బంధించారు. చాక్‌లు, కోసెగీలు అని రెండు పెద్ద కుటుంబాలు కొట్టుకుంటుంటే ఒకసారి వీళ్లది, ఇంకోసారి వాళ్లది పైచేయి. 1277లో కొడుకు మేజర్ అని ప్రకటించగానే ఆ కాస్త అధికారమూ పోయింది.

హన్మకొండ పోరడు:
థాంక్స్ అక్కా. కొడుకు లాడిస్లాస్ కుమన్ల బట్టలేసుకుని వాళ్లతోనే తిరిగాడని, అది తల్లి ప్రభావమేనని చదివాను. కరెక్టేనా?

పాత పుస్తకాల పురుగు:
కొడుకు ఏం చేసినా తల్లి పెంపకమేనా? కుమన్లను దారికి తెమ్మని 1279లో పోప్ ప్రతినిధి ఒత్తిడి పెడితే అతను కొన్నాళ్లు అటు, కొన్నాళ్లు ఇటు ఊగాడు, దొరలను అదుపు చేసే బలం లేక కుమన్లనే నమ్ముకున్నాడు, చివరికి 1290లో చంపిందీ కుమన్లే. ఆమె ప్రభావం చూడాలంటే కూతురి వైపు చూడు. మేరీని ఇటలీలోని నేపుల్స్ యువరాజుకిచ్చారు. 1301లో హంగేరీ రాజుల అర్పాద్ వంశంలో మగ దిక్కు లేకుండా పోయాక మేరీ మనవడు చార్లెస్ రాబర్ట్ ఆ హక్కుతోనే సింహాసనం అడిగి, ఏళ్ల తరబడి పోరాడి గెలిచి, 1342 దాకా ఏలాడు. దొరలను అణిచింది కూడా ఈ మునిమనవడే.