అభ్రగపతిం బన్నింపడా, మన్నింపడా? (ఒక కారు ఫొటో కింద రాయడానికి)

నాలుగో గేరు:
రెండు రోజులుగా ఒక పద్యపాదం బుర్రలో గిర్రున తిరుగుతోంది, ఒక్క అక్షరం దగ్గర ఇరుక్కుంటోంది. సందర్భం చెప్తాను, నవ్వకండి. నలుగురం కార్ల పిచ్చివాళ్ళం కూర్చుని ఏ కారు కూల్, ఏది కాదు అని గంటలకొద్దీ వాదించుకున్నాం. ఒకడు లంబోర్గిని కౌంటాష్ అన్నాడు. ఇంకొకడు సిట్రోయెన్ డీఎస్ తప్ప మిగతావన్నీ రేకు డబ్బాలే అన్నాడు. నేను 1969లో ఫ్రాన్సులోని లె మాన్ 24 గంటల రేసు గెలిచిన ఫోర్డ్ జీటీ40 అన్నాను. లేత నీలం ఒళ్ళు, నడుమ నారింజ చార, తలుపు మీద 6.

నేనన్నది దాని అందాన్ని చూసి కాదు, ఆ రోజు అది కదిలిన తీరు చూసి. అప్పట్లో కార్లు ఒక పక్క, డ్రైవర్లు ఎదురు పక్క. జెండా ఊపగానే రోడ్డుకి అడ్డంగా పరిగెత్తి, కారులో దూకి వెళ్ళిపోవాలి. అందరూ పరిగెత్తారు. ఈ కారు డ్రైవరు జాకీ ఇక్స్ ఒక్కడూ నడిచాడు. నడిచి, ఎక్కి, బెల్టు పెట్టుకుని, అందరికన్నా చివర బయల్దేరాడు. 24 గంటల తర్వాత దాదాపు 120 మీటర్ల తేడాతో ఆ కారే గెలిచింది.

ఆ కారు ఫొటో కింద ఒక తెలుగు ముక్క రాద్దామంటే, మొసలి పట్టిన ఏనుగును కాపాడటానికి విష్ణువు ఉన్నపళంగా పరిగెత్తే పోతన పద్యం "సిరికిం జెప్పడు" తట్టింది. అందులో గరుత్మంతుడి ఊసు ఉంది కదా: "అభ్రగపతిం" తర్వాత "బన్నింపడు"నా, "మన్నింపడు"నా? పనిలో పని, కూల్‌కి తెలుగు మాట కూడా చెప్పి పుణ్యం కట్టుకోండి.

గుడిదీర్ఘం:
మన్నింపడు. చిన్నప్పుడు మా తెలుగు మాస్టారు నిలబెట్టి చదివించారు, ఆ గొంతు ఇంకా చెవుల్లోనే ఉంది. గరుత్మంతుడు ఎదురుగా ఉన్నా పలకరించడు, పట్టించుకోడు. ఆ తొందరకి అంతకన్నా మంచి మాట ఏముంటుంది?

యతిభంగం:
మాస్టారి మీద గౌరవంతోనే చెప్తున్నాను గుడిదీర్ఘం గారూ, పాదం ఒకసారి వేళ్ళ మీద లెక్కపెట్టండి. "పరివారంబును జీర డభ్రగపతిం" దాకా పదమూడు. పద్నాలుగోది సరిగ్గా మనం కొట్టుకుంటున్న అక్షరమే, అంటే మత్తేభ వృత్తానికి యతిస్థానం, పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదరాల్సిన చోటు. పాదం మొదట్లో ప. ప-కి బ-తో వర్గయతి హాయిగా కుదురుతుంది. మ కావాలంటే రెండూ ఉకారంతో ఉండి పు-ము అయినా అవ్వాలి, లేదా ప-కి ముందు సున్న అయినా ఉండాలి. ఇక్కడ రెండూ లేవు. పోతనగారు మిగతా మూడు పాదాల్లో యతి వేసి ఇక్కడ మాత్రం నిద్రపోయాడంటారా?

గుడిదీర్ఘం:
నిద్రపోయాడని ఎవరన్నారు? కంఠస్థం చేసినవాళ్ళ నోళ్ళలో ఎన్ని మారలేదు? నేను విన్నది చెప్పాను, అంతే.

బండి ఱ:
పేరులోనే బండి ఉంది కాబట్టి నేనూ దూరతాను. బన్నింపడే. "అభ్రగపతిన్ + పన్నింపడు", ద్రుతం (చివరి న్) మీద పరుషం ప వచ్చి సరళం బ అయింది. అసలు రుచంతా ఆ "పన్ను" అనే క్రియలోనే ఉంది. ఏనుగును పన్నడం, గుర్రాన్ని పన్నడం, రథాన్ని పన్నడం అంటే జీను, పగ్గం, కాడి అన్నీ బిగించి ప్రయాణానికి సిద్ధం చెయ్యడం. పన్నించడం అంటే ఇంకొకడిచేత ఆ పని చేయించడం. ఇవాళ మన దగ్గర కుట్ర పన్నడం, వల పన్నడం, వ్యూహం పన్నడం మాత్రమే మిగిలాయి. మంచి పనులన్నీ పోయి దొంగ పనులు నిలిచాయి ఆ క్రియకి.

అదీగాక రేసు కారుకి ఇంతకన్నా సరైన క్రియ తెలుగులో లేదు. రేసుకి ముందురోజు మెకానిక్కులు రాత్రంతా చేసేది కారుని పన్నడమే.

నాలుగో గేరు:
అయ్యో, అయితే నా ఫొటోకి పద్యం తిరగబడింది! విష్ణువు పన్నించకుండా పరిగెత్తాడు. ఇక్స్ పరిగెత్తకుండా పన్నుకున్నాడు.

యతిభంగం:
తిరగబడితేనే కదా చమత్కారం. ఆ రోజు పద్యంలోలాగా చేసినవాళ్ళు మిగతా డ్రైవర్లంతా. బెల్టు బంధింపడు, తలుపు సరిగా వేయడు, గెలుపుపై ఉత్సాహియై.

బండి ఱ:
నవ్వుకోవడానికి బానే ఉంది గానీ, ఆ రోజు మొదటి ల్యాపులోనే జాన్ వుల్ఫ్ తన పోర్షే 917లో ప్రాణాలు పోగొట్టుకున్నాడు. ఆ హడావిడిలో బెల్టు పెట్టుకోలేదంటారు. ఇక్స్ నడక కూడా స్టైలు కోసం కాదు, ఆ పరుగు ప్రమాదమని చెప్పడానికి. అప్పటికి అతనికి 24 ఏళ్ళు. మరుసటి ఏడు, 1970లో, డ్రైవర్లని ముందే కూర్చోబెట్టి బెల్టులు పెట్టించి వదిలారు. 1971 నుంచి కార్లు కదులుతుండగానే రేసు మొదలుపెట్టడం వచ్చింది. పోర్షే 911 కారులో తాళం ఎడమ పక్కన ఉండటానికి కూడా ఆ పాత పరుగే కారణమని చెప్తారు, ఎడమ చేత్తో తాళం, కుడి చేత్తో గేరు ఒకేసారి అని.

అరసున్న:
ఒక్క నిమిషం. అందరూ "లె మాన్" అని రాస్తున్నారు. ఫ్రెంచివాళ్ళు చివర న్ పలకరు, అచ్చుని ముక్కుతో పలికి వదిలేస్తారు. మన దగ్గర సరిగ్గా దీనికోసమే పుట్టినట్టున్న గుర్తు ఒకటి ఉంది, మూలన పడేశాం. లె మాఁ. చూశారా ఎంత ముద్దుగా ఉందో! అరసున్న చచ్చిపోయిందన్నవాళ్ళకి ఇది నా సమాధానం.

యతిభంగం:
మీరు ప్రతి చర్చలోకీ అరసున్నని తీసుకురావడానికి దారి వెతుక్కుంటారు. ఈసారి మాత్రం ఒప్పుకుంటున్నాను.

గుడిదీర్ఘం:
సరే, బన్నింపడే అనుకుందాం. అయినా నాదొక సందేహం. పన్నడం గుర్రానికీ ఏనుగుకీ సరే, పక్షికి ఏమిటండీ పన్నేది? గరుత్మంతుడికి జీనుందా, కళ్ళెముందా? ఆయన తలుచుకుంటే వచ్చి వాలేవాడు. ఆ లెక్కన అర్థం మన్నింపడుకే బాగా అతుకుతుంది. యతి మీవైపు, అర్థం నావైపు.

బండి ఱ:
అర్థం కూడా మావైపేనండీ. తర్వాతి పద్యం చూడండి, "తన వెంటన్ సిరి, లచ్చి వెంట నవరోధవ్రాతమున్, దాని వెన్కను బక్షీంద్రుడు". అంటే అంత వేగంగల వాహనం మూడో స్థానంలో పరుగు! ముందు లక్ష్మి, ఆ వెనక అంతఃపుర స్త్రీలు, ఆ తర్వాత ఆయన. సిద్ధం చేయమని ఎవరూ చెప్పకపోబట్టే కదా వెనకబడ్డాడు. శంఖచక్రాలు కూడా ఆయన పక్కనే వస్తున్నాయి. సామానంతా వెనక బండిలో వస్తున్నట్టుంది నాకైతే.

గుడిదీర్ఘం:
ఆ లెక్కన పోతనకి బావ అని చెప్పుకునే శ్రీనాథుడి నూతి కథ కూడా ఇక్కడికే వస్తుంది.

యతిభంగం:
వచ్చేసింది! ఎవరు తెస్తారా అని చూస్తున్నాను.

గుడిదీర్ఘం:
తెస్తాను, ఎందుకు తేను? చాటుకథే కావచ్చు, చరిత్ర కాకపోవచ్చు. కానీ ఆ పద్యానికి అంతకన్నా మంచి వ్యాఖ్యానం ఎవరూ రాయలేదు. ఆయుధం లేకుండా వెళ్ళి ఏం చేస్తాడయ్యా మీ దేవుడు అని భోజనం దగ్గర ఎకసెక్కం చేసిన శ్రీనాథుడే, నూతిలో రాయి పడిన చప్పుడూ "పిల్లాడు పడ్డాడు" అన్న కేకా వినగానే ఎంగిలి చేత్తో పరిగెత్తాడు. చేద లేదు, తాడు లేదు. అప్పుడు పోతన "తాడేదీ బావా?" అని ఒక్క మాట అడిగితే ఏం చెప్తాడు! ఆ ఎంగిలి చెయ్యి తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది. మీ ఇక్స్ నడిచింది బహుమతి కోసం జరిగే పోటీలో. ఏనుగు మొసలి నోట్లో ఉంటే ఎవడూ బెల్టు సర్దుకోడు.

నాలుగో గేరు:
ఈ మాట బాగుంది గురువుగారూ. ఇక్స్‌ని విష్ణువుతో పోల్చడం మానేశాను. మరి కూల్ సంగతి?

అరసున్న:
ఠీవి.

గుడిదీర్ఘం:
ఠీవి రాజుగారికి. బెంట్లీకి ఇవ్వండి. రేసు కారుకి హొయలు.

బండి ఱ:
హొయలు నడకకి సరే. నా సొంత సిద్ధాంతం ఒకటుంది, ఇదివరకు ఇంకో చర్చలో చెప్తే ఎవరూ పట్టించుకోలేదు. తెలుగులో కూల్ విశేషణం కాదు, ఆశ్చర్యార్థకం. ఔరా, అబ్బో, భళా. కారు బాగుంటే మనం దానికి గుణం అంటగట్టం, నోరు వెళ్ళబెడతాం. దీనికి సాక్ష్యం ఇటలీ నుంచి తెస్తాను. కౌంటాష్ అన్నది మనిషి పేరు కాదు, ఊరి పేరు కాదు, లంబోర్గిని వాళ్ళకి అలవాటైన ఎద్దు పేరు అంతకన్నా కాదు. పీడ్‌మాంట్ మాండలికంలో ఆశ్చర్యపోయినప్పుడు నోట్లోంచి వచ్చే మాట. మనం ష అంటాం గానీ అక్కడ చివర చ వినిపిస్తుంది. 1971 జెనీవా ప్రదర్శనలో ఆ బల్లపరుపు బండిని చూసినవాళ్ళకి వేరే మాట రావడం కూడా కష్టమే. ఒక కారుకి "ఔరా" అని పేరు పెట్టారన్నమాట. ఇంకేం కావాలి?

అరసున్న:
పేర్ల దాకా వస్తే డీఎస్‌ని మించింది లేదు. ఆ రెండక్షరాలూ ఫ్రెంచిలో కలిపి చదివితే దేవత అన్న మాటలాగే వినిపిస్తాయి. 1955లో వచ్చిన బండి. ఆపినప్పుడు మెల్లగా కిందికి దిగి కూర్చుంటుంది, స్టార్టు చేస్తే ఒళ్ళు విరుచుకుని పైకి లేస్తుంది. స్ప్రింగులు లేవు, నూనె, గ్యాసు ఒత్తిడి మీద నడిచే సస్పెన్షన్. సిరికి చెప్పకపోవచ్చు గానీ సిరిలో కూర్చోవచ్చు.

యతిభంగం:
మీరంతా చూపుల కూల్ దగ్గరే ఆగిపోయారు. నాలుగో గేరు గారు చెప్పింది కుదురైన కూల్. ఇక్స్ నడక. దానికి మన దగ్గర మాటకి కరువు లేదు: నింపాది, తాపీ, నిబ్బరం. నా ఓటు మాత్రం తొణకనితనానికి. నిండుకుండ తొణకదు అంటాం కదా. చుట్టూ పదుల మంది పరిగెడుతుంటే తొణక్కుండా రోడ్డు దాటినవాడికి అంతకన్నా ఏం కావాలి? "చల్లగా" మాత్రం వద్దు. చల్లగా జారుకున్నాడు అంటే దొంగ అయిపోతాడు.

బండి ఱ:
చల్లగా అన్నారు కాబట్టి ఒక దొంగ బండి. 1978లో బ్రాభమ్ వాళ్ళు వెనక పెద్ద ఫ్యాను బిగించిన ఫార్ములా వన్ కారు తెచ్చారు, బీటీ46బీ. ఫ్యాను ఎందుకయ్యా అంటే ఇంజను చల్లబరచడానికి అన్నారు. నిజానికది కారు కింద గాలిని లాగేసి బండిని నేలకి అతికించేది. నికీ లౌడా స్వీడన్‌లో దానితో గెలిచాడు, గెలుపు నిలిచింది. ఆ ఒక్క రేసుతోనే ఆ బండిని పక్కన పెట్టేశారు. పేరుకు చల్లదనం, లోపల పన్నాగం. నా ఉద్దేశంలో అంతకన్నా కూల్ కారు లేదు. అన్నట్టు పన్నాగం కూడా ఆ పన్ను నుంచే కదా?

యతిభంగం:
అది అంత తేలిగ్గా ఒప్పుకోను. పన్నుగడ అంటే ఒప్పుకుంటాను. పన్నాగానికి పన్నగం, అంటే పాము, పడగ కూడా అడ్డం వస్తుంది చాలామందికి. దానికి వేరే చర్చ పెట్టండి.

నాలుగో గేరు:
ఫొటో అలాగే ఉంది, కింద ఖాళీ అలాగే ఉంది. ఎవరైనా ఒక్క పాదం?

యతిభంగం:
ఇదిగో. మీ ఇక్స్ మీద మత్తేభం, ఇప్పుడే కట్టాను:

"పరుగుల్ దీయడు, పట్టి బెల్టు బిగియన్ బంధించి నిల్చుం దుదన్"

ఇరవై అక్షరాలూ లెక్కపెట్టుకోండి. యతి ప-కి బం. తిరగేసిన పోతన.

గుడిదీర్ఘం:
బెల్టుని గురువుగా మోయించారే! బాగుంది. తక్కిన మూడు పాదాలు?

యతిభంగం:
ప్రాసకి రేఫ దొరుకుతుంది గానీ తీరిక దొరకడం లేదు. బాకీ.

అరసున్న:
"నిల్చుం దుదన్" అంటే చివర నిలబడ్డాడనా, చివరికి నిలిచి గెలిచాడనా?

యతిభంగం:
రెండూ. కావాలనే అలా పెట్టాను.

బండి ఱ:
ఇప్పుడే తట్టిందని చెప్తే నమ్ముతాం.

నాలుగో గేరు:
ఆ పాదమే పెడుతున్నాను, కట్టినవారి పేరుతో సహా. కూల్‌కి మాత్రం నాలుగైదు మాటలొచ్చాయి, నాలుగైదూ తలా ఒక కారుకి సరిపోతున్నాయి.

గుడిదీర్ఘం:
పెట్టండి. నాకు మాత్రం నిన్న రాత్రి నుంచి ఇంకోటి పట్టుకుంది. మొదటి పాదం చివర "సంధింపడే" అంటాం కదా. ఆ ఏ తర్వాతి పాదంలో పరివారానికి చెందినదా, ఏ పరివారాన్నీ పిలవడు అని? లేక సంధింపడు మీదే ఒత్తి పలికిన ఏ-నా? మా మాస్టారు అక్కడ ఆగి ఊపిరి తీసుకునేవారు.

యతిభంగం:
ఊపిరి సంగతి పక్కన పెట్టండి, అది పరివారానిదే.

అరసున్న:
అంత తొందరగా తేల్చకండి. అక్కడ అరసున్న ఉందో లేదో ముందు చూద్దాం.