ఫ్లో పెట్టగానే కిడ్నీ సెల్స్ ఊడిపోతున్నాయి, ఎక్కడ తప్పు చేస్తున్నా?

హబ్సిగూడ పీహెచ్‌డీ: ఎండీసీకే సెల్స్‌ని (కుక్క కిడ్నీ నుంచి వచ్చినవి) సన్నటి ఛానల్ ఉన్న చిప్‌లో పెంచుతున్నా. ఛానల్ వెడల్పు 1 మిల్లీమీటరు, ఎత్తు 0.1. మామూలుగా చక్కగా పరుచుకుంటాయి, కానీ సిరంజి పంపు నిమిషానికి 60 మైక్రోలీటర్లకి పెట్టి, కిందికెళ్లి చాయ్ తాగొచ్చేసరికి సగం ఊడిపోయి అవుట్‌లెట్ ట్యూబులో తేలుతున్నాయి. రక్తనాళాల మీద పనిచేసే సీనియర్ ఇచ్చిన ప్రొటోకాల్ ఇది. సోమవారం గైడ్‌కి చూపించాలి, ఒకటే టెన్షన్.

తార్నాక అన్న: తమ్ముడూ, తప్పు నీ సెల్స్‌ది కాదు, ఆ 60ది. ఒరిపిడి, అంటే పారే ద్రవం సెల్స్‌ని రాసుకుంటూ లాగే బలం, లెక్క కట్టావా? స్నిగ్ధతని (ద్రవం చిక్కదనం) 6తో, ఫ్లోతో గుణించి, దాన్ని వెడల్పుతోనూ ఎత్తు వర్గంతోనూ భాగించు. 37 డిగ్రీల దగ్గర మీడియం (సెల్స్‌కి పోసే పోషక ద్రవం) స్నిగ్ధత 0.7 మిల్లీపాస్కల్ సెకన్లు అనుకుంటే చదరపు సెంటీమీటరుకి 4 డైన్ల పైనే వస్తుంది. ధమనుల్లో 10 దాటుతుంది కాబట్టి మీ సీనియర్ సెల్స్‌కి అదో లెక్క కాదు, కిడ్నీ నాళికల్లో మాత్రం మామూలుగా 1 లోపే. 3 మైక్రోలీటర్లకి తగ్గిస్తే 0.2 వస్తుంది, అక్కడ మొదలుపెట్టు. ఎత్తు విషయంలో జాగ్రత్త, వర్గం కదా, అది సగమైతే ఒరిపిడి నాలుగింతలు.

హబ్సిగూడ పీహెచ్‌డీ: అంత తక్కువైతే సెల్స్‌కి అసలు తెలుస్తుందా అన్నా?

తార్నాక అన్న: ఎందుకు తెలియదు? ఒక్కో సెల్ పైన ఒక్కో సీలియం, అంటే సన్నటి వెంట్రుకలాంటిది ఉంటుంది, కాలవలో తుంగ వంగినట్టు ఫ్లోకి వంగుతుంది. 2001లో ప్రిటోరియస్, స్ప్రింగ్ అనే శాస్త్రవేత్తలు నీ ఎండీసీకే సెల్స్‌లోనే దాన్ని వంచి చూస్తే లోపల కాల్షియం పెరిగింది. పాలీసిస్టిన్ 1, 2 అనే ప్రొటీన్లు ఉండేదీ ఆ సీలియం మీదే, వాటి జీన్లు చెడితే కిడ్నీ నిండా తిత్తులొచ్చే జబ్బు. అయితే కాల్షియం సిగ్నల్ సీలియంలోనే పుడుతుందన్న మాటని 2016లో గట్టిగానే ప్రశ్నించారు, కాబట్టి థీసిస్‌లో ఖాయంగా రాసేయకు. ఇంకోటి, సెల్స్ పూర్తిగా నిండి కొన్ని రోజులు ఆగితేగాని సీలియా సరిగ్గా పెరగవు. నువ్వు మర్నాడే ఫ్లో పెట్టేసి ఉంటావు.

హబ్సిగూడ పీహెచ్‌డీ: అవునన్నా, మర్నాడే 😅

(ఆరు రోజుల తర్వాత)

హబ్సిగూడ పీహెచ్‌డీ: గైడ్‌ని ఇంకో వారం అడిగా. ఐదు రోజులు ఆగి 3 పెట్టా, రాత్రంతా నిలిచాయి! కానీ ఒక పక్క గోరుతో గీరినట్టు సన్నగా, పొడుగ్గా ఖాళీ.

ఉప్పల్ అక్క: అది బుడగ. చల్లటి మీడియంలో కరిగిన గాలి ఇంక్యుబేటర్ వేడికి బుడగలై బయటికొస్తుంది, ఒక్కటి ఛానల్లోంచి జారినా దాని అంచు సెల్స్‌ని ఊడ్చుకుపోతుంది. ఫ్రిజ్‌లోంచి తీసింది తీసినట్టే సిరంజిలోకి ఎక్కించావా?

హబ్సిగూడ పీహెచ్‌డీ: అలాగే చేశానక్కా.

ఉప్పల్ అక్క: ముందురోజే మూత వదులు చేసి ఇంక్యుబేటర్‌లో పెట్టుకో, చిప్ ముందు బుడగలు పట్టే ట్రాప్ ఒకటి పెట్టు. పోల్చి చూడ్డానికి ఇంకో చిప్‌కి ఫ్లో లేకుండా అన్నీ ఇలాగే చెయ్యి, లేకపోతే గైడ్ అడిగే మొదటి ప్రశ్న అదే.