ఎడగారు మానేసి జీలుగ వేయమంటే ఎందుకు వినరు?

కయ్యగట్టు (కోవూరు వైపు)
కోతలయ్యాయి. మిషన్ కోసిన కయ్యల్లో మళ్ళీ గడ్డికి నిప్పు పెట్టారు. సోమశిల జలాశయంలో నీళ్ళున్నాయి కాబట్టి వెంటనే ఎడగారు, అంటే వేసవిలో వేసే రెండో వరి పైరుకి, నార్లు. నేలకి ఊపిరి తీసుకునే సందే లేదు. రెండు మూడేళ్ళకొకసారి ఎడగారు వదిలేసి జీలుగో, జనుమో, పిల్లిపెసరో, ఏదో ఒక పచ్చిరొట్ట పైరు చల్లి, నేలకి ఎరువుగా దున్నేయండి అంటాను. జీలుగ ఎకరాకు 10–12 కిలోలు చాలు. 45–50 రోజులకు, పూత రాకముందే కలియదున్నాలి. యూరియా తగ్గుతుంది, కాలువలోకి పోయే ఎరువు కూడా తగ్గుతుంది. మా ఊళ్ళో ఒక్కరూ వినడం లేదు. మీ దగ్గర ఎలా ఉంది?

అల్లూరు శివారు
వినకపోవడానికి కారణం లెక్క. ఎడగారులో ఎకరాకు మూడు పుట్లే అనుకోండి, పుట్టి 850 కిలోలు, అంటే 2,550 కిలోల వడ్లు. అవి వదులుకోమంటున్నారు. జీలుగని ఏ మిల్లువాడూ కొనడు.

కొండపి
మాది పొగాకు నేల. తొలి వానలకి జనుము చల్లి, పొగాకు నాటేలోపు దున్నేస్తాం. రెండో పైరుకి నీళ్ళుంటే మేమూ మీలాగే చేసేవాళ్ళమేమో.

కయ్యగట్టు
శివారు గారూ, వడ్ల లెక్క చెప్పారు, యూరియా లెక్క చెప్పలేదు. ఎకరాకు నాలుగు బస్తాలు చల్లుతున్నారు. పదేళ్ళ క్రితం ఇంత వాడేవాళ్ళమా?

అల్లూరు శివారు
నాలుగు ఎవరు చల్లుతున్నారు? నేను మూడు చల్లుతాను. బస్తా కూడా 50 కిలోలది కాదిప్పుడు, 45 కిలోలే.

కయ్యగట్టు
మా పక్క కయ్యలో నాలుగు. కళ్ళారా చూసి చెబుతున్నాను.

అల్లూరు శివారు
మీ పక్క కయ్యకి నేను జవాబుదారీ కాదు.

పైడేరు దిగువ
మూడా నాలుగా అన్నది పక్కన పెట్టండి. నిలవ నీళ్ళలో చల్లితే పైరుకి అందేది సగం కన్నా తక్కువ. కొంత గాలిలో కలుస్తుంది, కొంత మురుగు నీటితో దిగువనున్న మా ఊరి వైపు వస్తుంది. నీళ్ళు తీసి, బురద పదునులో చల్లి, 36–48 గంటల తర్వాత నీళ్ళు పెట్టమని వ్యవసాయ శాఖ వాళ్ళు ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నారు.

తీరం
అసలు నీళ్ళు పాడుచేసింది రొయ్యల గుంటలు. తీరం నుంచి 500 మీటర్లలోపు వద్దని 1996లోనే సుప్రీంకోర్టు చెప్పింది. వరి రైతు మీద పడతారేం?

కయ్యగట్టు
గుంటల వల్ల వచ్చే ఉప్పు సంగతి వేరు, మన యూరియా వల్ల నీళ్ళలో చేరే నైట్రేటు సంగతి వేరు. తాగే నీళ్ళలో నైట్రేటు లీటరుకి 45 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటితే పసిబిడ్డలకి ప్రమాదం, కాచినా పోదు. గుంటలవాళ్ళ తప్పు చూపించి మన తప్పు వదిలేయలేం. ఇంకో మాట, బాధపడినా చెబుతాను. నేలని పీల్చేస్తున్నది ఎక్కువగా కౌలుకి చేసేవాళ్ళే. సొంత నేల అయితే ఎవరూ గడ్డి కాల్చరు.

అల్లూరు శివారు
ఆ మాట అన్నారు కాబట్టి వినండి. నేను కౌలు రైతుని. ఇంతకుముందు చేసిన నేల చౌడుబారి ఉంటే చెరువు మట్టి తోలించాను, పశువుల ఎరువు వేశాను, జీలుగ దున్నాను. అన్నీ నా చేతి డబ్బులు. నేల తేరుకుంది, పైరు బాగా వచ్చింది. ఆ మరుసటి ఏడే నేల ఆసామి ఎక్కువ కౌలు ఇస్తానన్న ఇంకొకరికి ఇచ్చేశాడు. మట్టి నాది, ఎరువు నాది, పంట వాళ్ళది. అప్పటినుంచి ఏ నేలకైనా ఆ పైరుకి సరిపడా యూరియానే వేస్తున్నాను. గడ్డి ఎందుకు కాలుస్తానంటే, దాన్ని కలియదున్నడానికి ట్రాక్టరు అద్దె నేనే కట్టాలి, ఫలితం వచ్చేసరికి నేనక్కడ ఉండను.

కొండపి
ఇదీ అసలు సంగతి.

కయ్యగట్టు
మీకు జరిగింది అన్యాయమే. అందరు ఆసాములూ అలా ఉండరు.

అల్లూరు శివారు
మీరు కౌలుకిచ్చిన నేల ఉందా? ఎన్నేళ్ళకి రాసిచ్చారు?

కయ్యగట్టు
ఉంది. నోటిమాట మీదే, ఏటా మాట్లాడుకుంటాం. కాగితం రాస్తే నేల చేజారుతుందని మా పెద్దల భయం. నాకూ ఉంది, దాచను.

అల్లూరు శివారు
కౌలు రైతుల కోసం తెచ్చిన 2019 చట్టం ప్రకారం రాసేది 11 నెలల పత్రమే. దాని వల్ల నేల మీద హక్కు రాదని అందులోనే ఉంది. అయినా దానికీ ఆసామి సంతకం కావాలి, మా ఆసామి పెట్టలేదు. మూడేళ్ళు నాదే సాగు అని నమ్మకం ఇవ్వండి, జీలుగ నేనే వేస్తాను. అదేమీ లేకుండా నేల ఆరోగ్యం నా బాధ్యత అనకండి.

కయ్యగట్టు
జీలుగ విత్తనం, దుక్కి ఖర్చు నేను పెట్టుకుంటాను. మూడేళ్ళ మాట ఇంట్లో అడగాలి.

అల్లూరు శివారు
అడగండి. ఏమన్నారో ఇక్కడే రాయండి.

పైడేరు దిగువ
అది తేలడానికి ఎన్నాళ్ళైనా పట్టొచ్చు. ఈ ఎడగారులో ఇద్దరూ చేయగలిగింది ఒకటుంది. యూరియా చల్లే ముందే నీళ్ళు తీయండి. చల్లాక మురుగు వైపు మడవలు మట్టితో గట్టిగా కట్టేయండి. మా ఊళ్ళో బోర్లు కాలువ గట్టునే ఉన్నాయి, తాగేది ఆ నీళ్ళే.