శకుని చేతిలో ఉన్నవి పాచికలా, తానికాయలా?

తానిచెట్టు నీడ:
సినిమాల్లో, సీరియళ్లలో శకుని పొడుగాటి దంతపు పాచికలు దొర్లిస్తుంటాడు. అవి తండ్రి ఎముకలతో చేసినవని, అందుకే అడిగిన పందెం పడేదని మా తాతయ్య చెప్పేవారు. వ్యాస భారతంలో ఆ ఎముకల కథ లేదు. మరి సభాపర్వంలో ఆడిన 'అక్షాలు' ఏమిటి? తానికాయలే అని నా నమ్మకం. త్రిఫల చూర్ణంలో కరక్కాయ, ఉసిరికాయలతో కలిపేది ఆ కాయనే. ఋగ్వేదం పదో మండలం 34వ సూక్తంలో ఒక జూదరి తన గోడు వెళ్లబోసుకుంటాడు. అందులో అక్షాలు గాలివాటున పెరిగిన పెద్ద చెట్టువని ఉంది, తానికి సంస్కృతంలో ఉన్న 'విభీదకం' అన్న పేరూ ఉంది. వాటి గుంపు లెక్క 'త్రిపంచాశః'. దాన్ని కొందరు 53 అంటారు, కొందరు 150 అంటారు. అన్ని పాచికలు ఎవరైనా ఒకేసారి దొర్లిస్తారా? గుప్పెడు తీసి నాలుగేసి చొప్పున విడదీయడమే ఆట అని చాలామంది పండితులు చెబుతారు. ఏమీ మిగలకపోతే కృతం, మూడు మిగిలితే త్రేత, రెండైతే ద్వాపరం, ఒకటైతే కలి.

పాతరాతి:
ఒప్పుకోనండి. ఋగ్వేద కాలం వేరు, భారతం వేరు. విరాటపర్వంలో ధర్మరాజు కంకుభట్టుగా చేరబోతూ వైడూర్యం, బంగారం, దంతం పేర్లు చెప్పి, నల్లవీ ఎర్రవీ అక్షాలు వేస్తానంటాడు. తానికాయల్లో ఎర్రవి ఎక్కడివి? విరాటుడు కోపంతో అక్షం విసిరితే ధర్మరాజు ముక్కు నుంచి రక్తం కారింది కూడా. పైగా పాచిక మనకు కొత్తదేం కాదు. మొహెంజొదారోలోనే ఆరు ముఖాల కాల్చిన మట్టి పాచికలు దొరికాయి. మన లూడో పాచికలో ఎదురెదురు ముఖాలు కలిపితే ఏడు వస్తుంది. మొహెంజొదారో పాచికల్లో ఒకటికి ఎదురు రెండు, మూడుకు నాలుగు, ఐదుకు ఆరు.

పాలమూరు పిల్ల:
మీ ఇద్దరి మాటలూ చదివి ఉండబట్టలేక మూలికల కొట్టు నుంచి పావుకిలో తానికాయలు తెచ్చా. బూడిద కలిసిన గోధుమ రంగు, పైన లీలగా ఐదు గీతలు. నేల మీద వేస్తే దొర్లుతాయి గానీ ఏ వైపు పడిందో చెప్పడానికి ఏమీ ఉండదు. అంటే లెక్కపెట్టడం తప్ప ఇంకో దారి లేదు. చిన్నప్పుడు చింతగింజలతో సరిబేసి ఆడేవాళ్లం. మా అక్క నా గుప్పెట బిగింపు చూసి సరో బేసో చెప్పేసేది. ఇదీ అలాంటిదే, రెండుకు బదులు నాలుగు. గంటసేపు ఆడేసరికి ఏడెనిమిది కాయల దాకా చేతికే తెలిసిపోయింది.

తానిచెట్టు నీడ:
నేను చెప్పాలనుకున్నది అదే! పాతరాతి గారూ, నలుడి కథ భారతంలోదే కదా. ఋతుపర్ణుడు రథం మీద వెళ్తూ ఒక తానిచెట్టును చూసి, రెండు కొమ్మల మీద 2,095 కాయలున్నాయని చెప్పేస్తాడు. నలుడు చెట్టు కొట్టి లెక్కపెడితే సరిపోయింది. ఆ రాజే అతనికి అక్షహృదయం, అంటే జూదపు మర్మం, నేర్పాడు. చూపుతో లెక్కగట్టే నేర్పే జూదం నేర్పు అయితే, ఆ ఆట ముఖాలు చూసి ఆడేది ఎలా అవుతుంది?

పాతరాతి:
నలుడి సంగతి బలమైనదే, కాదనను. కానీ వ్యాకరణం రాసిన పాణిని అక్షాన్ని, శలాకను (జూదపు పుల్లను) విడివిడిగా చెప్పాడు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ద్యూతాధ్యక్షుడు, అంటే జూదం మీద అధికారి, గెలిచినవాడి నుంచి నూటికి ఐదు తీసుకుని, కాకణులకు (గవ్వలకు), అక్షాలకు, శలాకలకు అద్దె కూడా వసూలు చేస్తాడు. అంటే జూదశాలలో అన్ని రకాలూ ఉండేవి. నాకు మింగుడుపడనిది ఒకటే. సభాపర్వంలో పందెం పందేనికీ శకుని మోసంతో ఆడి 'జితమ్' (గెలిచాను) అన్నాడని ఉంది. అందరి కళ్ల ముందు లెక్కపెట్టే కాయల్లో మోసం ఎలా కుదురుతుంది?

పాలమూరు పిల్ల:
ఒక్క కాయ చాలండి. వేళ్ల సందున ఒకటి ఇరికించుకుని, మూడు మిగిలినప్పుడు జారవిడిస్తే త్రేత కాస్తా కృతం అవుతుంది. నిన్న రాత్రి మా తమ్ముడితో ఆడి నాలుగుసార్లు అలాగే గెలిచా. ఎదురుగా కూర్చుని కూడా వాడు పట్టుకోలేకపోయాడు.