పడవకు రేవు కరెంటు: ప్లగ్గు వేడెక్కుతోంది, హీటరు వాడవచ్చా?

ప్రశ్న (సియాటిల్)
లేక్ యూనియన్‌లో 27 అడుగుల పాత తెరచాప పడవ కొన్నాను. రేవు మీది కరెంటు పెట్టె నుంచి 120 వోల్టుల, 30 ఆంపియర్ల పసుపు కేబులు తగిలించాను. వానలకు లోపలంతా చెమ్మ, అందుకే 1500 వాట్ల హీటరు పెట్టాను. కాసేపటికే పడవవైపు ప్లగ్గు వేడెక్కుతోంది. ఒక పిన్ను పక్కన గోధుమరంగు మరక కూడా ఉంది. హీటరు లాగేది 12.5 ఆంపియర్లే కదా, ఎందుకిలా? ఇంకొక మాట: వేసవిలో పిల్లలు పడవ పక్కనే ఈదుతామంటున్నారు.

జవాబు (పడవల ఎలక్ట్రీషియన్, టాకోమా)
ముందు ఆ హీటరు ఆపేయండి. మీ లెక్క సరైనదే. లోపం పిన్నుల పట్టులో ఉంది. చెమ్మకు చిలుము పట్టి పట్టు సడలితే అక్కడ నిరోధం పెరుగుతుంది, 12 ఆంపియర్లకే ఆ ఒక్క చోటు కాలుతుంది. గరుకు కాగితంతో గీకి సరిపెట్టకండి. ప్లగ్గు, పడవ గోడలోని సాకెట్టు రెండూ మార్చండి, ఒక్కటే మారిస్తే పాతది కొత్తదాన్నీ కాల్చేస్తుంది. ప్లగ్గు తిప్పాక దాని మీది బిగింపు రింగు కూడా బిగించాలి. చాలామంది దాన్ని వదిలేస్తారు, అలలకు కేబులు ఊగి పిన్నులు వదులవుతాయి.

తగిలించేటప్పుడు పెట్టె మీది బ్రేకరు ఆపి, ముందు పడవవైపు, తర్వాత రేవువైపు పెట్టి, చివరగా బ్రేకరు వేయండి. విప్పేటప్పుడు ముందు బ్రేకరు, తర్వాత రేవువైపు, చివరకు పడవవైపు. కరెంటు ఉన్న కొస ఎన్నడూ నీళ్లలో పడకూడదు.

ఇక పిల్లలు. దయచేసి వద్దు. ఉప్పునీరు మనిషి ఒంటికంటే మంచి వాహకం, మంచినీరు అలా కాదు. మీ సరస్సులో లీకైన కరెంటుకు ఒళ్లే సులువైన దారి. కొన్ని పదుల మిల్లీఆంపియర్లకే కండరాలు బిగుసుకుపోయి ఈతగాడు సైతం మునిగిపోతాడు. మీ పడవ బాగున్నా పక్క పడవలో లోపం ఉంటే చాలు. కాపాడబోయి దూకినవాళ్లూ ఇలా చనిపోయారు. ఎవరైనా గిలగిలలాడితే దూకకండి: రేవు కరెంటు ఆపించి, తాడు కట్టిన తేలుడు రింగు విసరండి.

ప్రశ్నించినవారు
పిల్లలకు ఈ రోజే చెబుతాను. లీకేజీకి తెగే బ్రేకరు పడవలో ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

జవాబు (టాకోమా)
సాకెట్టు నుంచి 10 అడుగుల లోపు, పరీక్ష బొత్తాం ఉన్న ప్రధాన బ్రేకరు కోసం వెతకండి. 30 మిల్లీఆంపియర్ల లీకేజీకి అది 100 మిల్లీసెకన్లలో తెగాలి. పాత పడవల్లో తరచుగా ఉండదు. లేకపోతే సాకెట్టుతో పాటే పెట్టించండి.

జవాబు (పోర్ట్‌లాండ్)
షాఫ్టుకు (నీళ్లలో పంకాను తిప్పే ఇరుసుకు) కట్టిన దిమ్మను, అంటే పడవ లోహాలకు బదులు తాను కరిగిపోయే లోహపు ముక్కను కూడా చూసుకోండి. కేబులు తగిలించగానే ఎర్త్ తీగ ద్వారా మీ పడవ పక్క పడవలన్నిటితో కలుస్తుంది, దిమ్మ త్వరగా కరుగుతుంది. మంచినీటిలో జింకు కన్నా మెగ్నీషియం బాగా పనిచేస్తుంది. ఎర్త్ తీగ కోసేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు, వినకండి, ప్రాణాలు కాపాడేది ఆ తీగే. దాన్ని అలాగే ఉంచి గాల్వానిక్ ఐసొలేటరు (దిమ్మను కరిగించే చిన్న కరెంటును ఎర్త్ తీగలో ఆపే పరికరం) పెట్టించండి.