సంక్రాంతి సెలవుల్లో పిల్లల చేత పిండివంటల్లో ఏ పని చేయించవచ్చు?

మధురవాడ నాన్న

అందరికీ నమస్కారం. మేం ఉండేది విశాఖ మధురవాడలో, అపార్ట్‌మెంట్లో. పాపకి తొమ్మిదేళ్లు, బాబుకి ఐదు. ఈసారి పండక్కి ఊరు వెళ్లడం లేదు. మా ఆవిడకి భోగి ముందురోజు దాకా డ్యూటీ ఉంది. నాది ఇంటి నుంచే పని కాబట్టి సెలవుల్లో పిల్లలు నా దగ్గరే ఉంటారు.

దసరా సెలవుల్లో బిస్కెట్ల మీద చాక్లెట్ పూయడం, రంగు గింజలు చల్లడం లాంటివి చేయించాను. పది నిమిషాల్లో అయిపోయేవి, వెంటనే మళ్లీ ఫోన్ అడిగేవాళ్లు. ఈసారి అలా కాకుండా, పండక్కి మనం నిజంగా చేసుకునే వాటిలోనే వాళ్లకో పని ఇవ్వాలని ఉంది. వాళ్ల చేతులతో చేసిందే పండగనాడు అందరూ తినాలి. ఒక్కటే షరతు, పొయ్యి దగ్గరికి రాకూడదు. నాకు రోజువారీ వంట వచ్చు కానీ పిండివంటలు ఎప్పుడూ చేయలేదు.

ఇంకో విషయం. భోగికి మా చెల్లి కూతురు వస్తోంది, రెండున్నరేళ్లది. భోగిపళ్లు మా ఇంట్లోనే పోస్తాం. ఆ పాపకి ఏం పెట్టొచ్చో, ఏం పెట్టకూడదో కూడా చెప్పండి.

పెదవాల్తేరు అమ్మమ్మ

బాబూ, చాలా మంచి ఆలోచన. మొదట ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. పిండివంటల్లో వేడి పని వేరు, చల్లని పని వేరు. పాకం, నూనె మీవి. కలపడం, చుట్టడం, ఒత్తడం, ఏరడం పిల్లలవి. ఈ గీత ముందే గీసి వాళ్లకి చెప్పేస్తే మీకు టెన్షన్ ఉండదు. వాళ్లకీ తమ పని ఏదో తెలుస్తుంది.

బెల్లం గవ్వలతో మొదలుపెట్టండి. పిల్లల చేతికి అంతకంటే నప్పే వంట నాకు కనబడదు. పావుకిలో మైదా గానీ గోధుమపిండి గానీ తీసుకోండి. అందులో 50 గ్రాముల బొంబాయి రవ్వ, చిటికెడు ఉప్పు, రెండు చెంచాల వేడి నెయ్యి వేసి మీరే కలపండి. నెయ్యి చల్లారాక పిల్లలు పిండిని చేతులతో నలపాలి. గుప్పిట్లో నొక్కితే ముద్ద నిలబడాలి, అప్పుడు నెయ్యి సరిపోయినట్టు. తర్వాత కొద్దికొద్దిగా నీళ్లు పోసి, చపాతీ పిండి కంటే కాస్త గట్టిగా కలిపి, తడిగుడ్డ కప్పి అరగంట ఉంచండి.

ఇక అసలు పని. రేగిపండు గింజంత ఉండలు చేసి పళ్లెంలో పెట్టడం మీ బాబుకి. ఆ ఉండని గవ్వల చెక్క మీద పెట్టి బొటనవేలితో నొక్కుతూ ముందుకి జరపడం మీ పాపకి. అది దానంతటదే చుట్టుకుని గవ్వ అవుతుంది. మొదటి గవ్వ సరిగ్గా చుట్టుకున్నప్పుడు పిల్లల మొహం చూడాలి మీరు! చెక్క లేకపోతే ఫోర్కు వెనకవైపు చాలు, కొత్త దువ్వెన కడిగి వాడినా గీతలు బాగా పడతాయి. పావుకిలో పిండికే ఒక పూట గడిచిపోతుంది. మా మనవలు సీతమ్మధార నుంచి వస్తే టీవీ పెట్టమని కూడా అడగరు, ఎవరి గవ్వ అందంగా ఉందో చూసుకుంటూ కూర్చుంటారు.

వంకరగా వచ్చినవి మీరు మళ్లీ చుట్టకండి. ఈ మాట గట్టిగా చెబుతున్నాను. పిల్లాడు చేసింది పక్కకి తీసి మనం సరిచేస్తే, వాడు ఇంక ఆ పళ్లెం దగ్గరికి రాడు. వేగాక అన్నీ ఒకే రుచి. కాకపోతే మరీ లావుగా చుట్టినవి విడిగా వేయించండి, లోపల పచ్చిగా ఉండిపోతాయి.

వేయించడం మధ్యస్థంగా ఉన్న మంట మీద. తర్వాత 200 గ్రాముల బెల్లంలో కొంచెం నీళ్లు పోసి కరిగించి, వడకట్టి, ముదురు పాకం పట్టండి. నీళ్ల పళ్లెంలో ఒక చుక్క వేసి, ఉండ చేసి పళ్లేనికి కొడితే టంగుమనాలి. ఆ చుక్క వేసేది మీరే. కాసేపు ఆగి నీళ్లలోంచి ఉండని తీసి కొట్టి చూసే పని పాపకి ఇవ్వండి. లేతగా ఉన్నప్పుడు నీళ్లలో కరిగిపోతుంది, తర్వాత మెత్తటి ఉండ అవుతుంది, ఆఖరికి గట్టిపడుతుంది. బెల్లంలో నీరు తగ్గేకొద్దీ ఇలా మారుతుందని చెబితే తొమ్మిదేళ్ల పిల్లకి బాగానే అర్థమవుతుంది.

బెల్లం అంటే మనకి పక్కనే అనకాపల్లి ఉంది. తెల్లగా మెరిసే అచ్చు కాకుండా ముదురు రంగుది అడిగి తీసుకోండి.

కనుమకి గారెలు ఎలాగూ ఉంటాయి కదా. పొట్టు మినప్పప్పు నానబెట్టి పిల్లల ముందు పెట్టండి. రెండు చేతులతో రుద్దితే పొట్టు పైకి తేలుతుంది, నీళ్లు వంపితే పోతుంది. నీళ్లలో చేతులు పెట్టే పని కాబట్టి ఐదేళ్లవాడు వదలడు. కనుమనాడు మినుము తినాలని ఎందుకంటారో వాడే అడుగుతాడు, చెప్పండి.

గాజువాక అమ్మ

అమ్మమ్మగారు చెప్పిన గవ్వలు మేమూ చేస్తాం. నేను మురీ మిక్చర్ కొట్టు గురించి చెబుతాను. బీచ్‌లో అమ్మేదే, ఇంట్లో పిల్లలు పెట్టే కొట్టు.

మరమరాలు, వేయించిన పల్లీలు, సన్నగా తరిగిన ఉల్లిపాయ, టమాటా, కొత్తిమీర, కారం, ఉప్పు, నిమ్మచెక్కలు విడివిడిగా గిన్నెల్లో పెట్టాలి. తరగడం పెద్దవాళ్ల పని. కలిపేది, అమ్మేది పిల్లలు. మా పెద్దాడు ధరల పట్టిక రాస్తాడు, నిమ్మకాయ ఎక్కువ కావాలంటే రూపాయి అదనం. చిల్లర లెక్క వాళ్లే చూసుకుంటారు. పొట్లాలకి న్యూస్‌పేపర్ వద్దు, సిరా తిండికి అంటుతుంది. తెల్లకాగితాలతో చుట్టించండి, పొట్లం చుట్టడం నేర్చుకోవడమే వాళ్లకో ఆట.

మనకి సముద్రపు గాలి కదా, మరమరాలు ఊరికే మెత్తబడతాయి. కలిపే ముందు ఒట్టి మూకుడులో వేయించి చల్లార్చి ఇవ్వండి. కలిపాక ఆగకూడదు, వెంటనే తినేయాలి.

ఇంకోటి తేగలు. ఇది సీజనే. ఉడికించిన కట్ట ఒకటి తెచ్చి పిల్లలకి ఇవ్వండి. పై పొర ఒలిచి, రెండుగా చీల్చి, మధ్యలో ఉండే లేత మొలకని, అదే చందమామని, బయటికి తీయడం వాళ్ల పని. తినేటప్పుడు పీచు లాగి పారేయాలని చూపించండి. తాటిటెంకలు మట్టిలో పాతిపెడితే మొలకెత్తి తేగ అవుతుందని మా చిన్నదానికి చెప్పాను, కుండీలో ఒకటి పాతింది.

ఎన్ఏడీ పిన్ని

రెండున్నరేళ్ల పాప గురించి ఎవరూ రాయలేదు, అందుకే రాస్తున్నాను. నాకు ఆ వయసు మనవడు ఉన్నాడు. ఆ పాపకి పల్లీలు, పల్లీ ఉండలు, నువ్వుల చిక్కీ ముక్కలు ఇవ్వకండి. ఆ వయసులో గింజలు సరిగ్గా నమలలేరు, గొంతులో అడ్డం పడతాయి. గాజువాక అమ్మగారి మురీ మిక్చర్‌లో పల్లీలు, తేగలో పీచు కూడా అంతే. గట్టిపాకం గవ్వలూ వద్దు.

భోగిపళ్లు పోసినప్పుడు ఇంకా జాగ్రత్త. రేగిపళ్లు, నానిన శనగలు, చెరుకు ముక్కలు, చిల్లర డబ్బులు అన్నీ ఒళ్లోనే పడతాయి. పిల్లలు వెంటనే ఒకటి నోట్లో పెట్టుకుంటారు. పోయగానే ఏరే పని మీ పాపకి అప్పజెప్పండి. చిన్నది కూర్చునే చోట కింద దుప్పటి పరిస్తే నాలుగు మూలలూ పట్టుకుని ఒకేసారి ఎత్తేయొచ్చు.

చిన్నదానికి సున్నుండ మంచిది, మెత్తగా ఉంటుంది. అందులో పాకం గొడవ లేదు. మినప్పప్పు కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, చల్లార్చి, మెత్తగా పట్టించి, బెల్లం తురుము కలపాలి. కరిగించిన నెయ్యి గోరువెచ్చగా అయ్యాక పోస్తే మీవాళ్లిద్దరూ ఉండలు చుట్టేస్తారు. చిన్నదానికి ఉండలా కాకుండా చిదిపి కొద్దికొద్దిగా పెట్టండి.

మధురవాడ నాన్న

అందరికీ చాలా థాంక్స్. దుప్పటి విషయం నాకు తట్టనే లేదు పిన్నిగారూ. పాపకి ఇప్పుడే గవ్వల సంగతి చదివి వినిపించాను, ఫోర్కు తీసుకొచ్చి నా ముందు పెట్టింది.

అమ్మమ్మగారూ, ఒక ప్రశ్న. అరిసెలు కూడా పిల్లలతో చేయించవచ్చా? వాళ్లమ్మకి చాలా ఇష్టం.

పెదవాల్తేరు అమ్మమ్మ

బాబూ, ఈ ఏడాది అరిసెలు పిల్లల చేతికి ఇవ్వకండి. పాకం పిండి వేడి మీదే ఉంటుంది, వత్తినది వెంటనే నూనెలో పడాలి, తీసినది వెంటనే చెక్కల మధ్య నొక్కాలి. పిల్లలు పక్కన ఉంటే మీ చెయ్యి ఆగుతుంది. మీ ఆవిడ ఇంటికొచ్చాక, పిల్లలు పడుకున్నాక మీరిద్దరూ చేసుకోండి.

వాళ్లకి కావలసిన పని అరిసెలకి ముందు ఉంది. బియ్యం కడిగి నానబోయడం, మర్నాడు నీళ్లు మార్చడం, నీళ్లు వంపేసి గుడ్డ మీద పరచడం, రాళ్లుంటే ఏరడం, తడి ఆరకముందే మీతో మిల్లుకి రావడం. తడి బియ్యం ఆడతారా అని మిల్లువాళ్లని ముందే అడగండి, పండగ రెండు రోజులుందనగా రద్దీ ఎక్కువ. పిండి జల్లించేది మీ పాప. బాబుకి నువ్వులు ఏరే పని ఇవ్వండి.

గవ్వలు మాత్రం పండక్కి నాలుగు రోజుల ముందే చేసేయండి. పూర్తిగా చల్లారాక గాలి చొరని డబ్బాలో వేస్తే కరకరలాడుతూనే ఉంటాయి. చెక్క కావాలంటే పూర్ణా మార్కెట్‌లో వంటసామాన్ల కొట్లలో అడగండి. కొనేటప్పుడు గీతలు లోతుగా ఉన్నాయో లేదో వేలితో రాసి చూడండి, నున్నగా ఉన్న చెక్క మీద గవ్వకి గీత పడదు.